రెండు ఊళ్లకూ కలిపి ఒక మంచి గైడును ఇవ్వండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు,

నమస్కారం.

జిల్లాల్లో పర్యాటక వ్యవహారాలు మీ అధ్యక్షతనే నడుస్తాయి కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. పుట్టిల్లు ఒంగోలు, మెట్టినిల్లు నెల్లూరు. ఈ రెండు ఊళ్ల మధ్య రోడ్డును పెళ్లికి ముందు నుంచీ చూస్తున్నాను, అది రెండు లైన్లుగా ఉన్నప్పుడూ, నాలుగు లైన్లయ్యాకా.

అడిగేది చిన్నదే. నెల్లూరు, ఒంగోలు రెంటినీ కలిపి ఒకే రోజులో, కుటుంబానికి ఒక కారు చొప్పున, విషయం తెలిసిన గైడుతో చూపించే ఏర్పాటు చేయండి. దీనికి కొత్త కట్టడాలు అక్కర్లేదు. రంగుల ఫౌంటెన్లు అక్కర్లేదు. బీచ్ ఒడ్డున ఊరి పేరుతో నిలబెట్టే ప్లాస్టిక్ అక్షరాలు అంతకన్నా అక్కర్లేదు. నోరు విప్పితే నిజం చెప్పే మనిషి ఒకరు కారు ముందు సీట్లో కూర్చుంటే చాలు.

ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తాను. మొన్న చలికాలంలో మా ఆడపడుచు వాళ్లు పుణె నుంచి వచ్చారు. వెంట వాళ్ల పక్కింటి మరాఠీ కుటుంబం కూడా ఉంది. తిరుపతి దర్శనం అయ్యాక నెల్లూరు వచ్చి, మర్నాడు రాత్రి ఒంగోలులో రైలెక్కాలని వాళ్ల ప్లాను. "వదినా, చేతిలో ఒక్క రోజే ఉంది. పొద్దున్నే బయలుదేరితే రెండు ఊళ్లూ చూపించగలమా?" అని అడిగింది. ఎందుకు చూపించలేం అన్నాను. ఫోన్లోనే ఒక ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడి పెద్ద కారు, దాంతో పాటు గైడు అని ప్యాకేజీ కుదుర్చుకున్నాం. పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్కరి సంగతి కాదు.

గైడు కుర్రాడు మర్యాదస్తుడే. చెవిలో బ్లూటూత్, చేతిలో రెండు ఫోన్లు. రంగనాథస్వామి గుడి ముందు దిగగానే "చాలా పవర్‌ఫుల్ దేవుడు మేడమ్" అన్నాడు. బారాషహీద్ దర్గా దగ్గర "ఇది కూడా చాలా పవర్‌ఫుల్" అన్నాడు. పెన్నా వంతెన ఎక్కింది మొదలు టంగుటూరు టోల్‌గేటు దాకా ఫోన్లో ఇంకెవరిదో బుకింగ్ మాట్లాడుతూనే ఉన్నాడు. మరాఠీ వాళ్ల అబ్బాయికి పన్నెండేళ్లుంటాయి. మైలురాళ్లూ బోర్డులూ అన్నీ చదువుతున్నాడు. "ఒక జిల్లా పేరు పొట్టి శ్రీరాములు, ఇంకో జిల్లా పేరు ప్రకాశం. వీళ్లిద్దరూ ఎవరు?" అని హిందీలో అడిగాడు. మా గైడు ఫోను పక్కకు తీసి "ఇద్దరూ ఫ్రీడమ్ ఫైటర్లే బాబూ. ఇద్దరూ నిరాహార దీక్ష చేశారు" అని మళ్లీ ఫోను పెట్టుకున్నాడు.

ఆ అబ్బాయిని తిట్టుకోవడం దండగ. మాటల్లో తెలిసింది, నెల కిందటి దాకా పెళ్లిళ్లలో వీడియో లైట్లు పట్టుకునేవాడట. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ కార్డు ఇవ్వలేదు. హిందీ వచ్చు కాబట్టి గైడయ్యాడు.

అయ్యా, ఆ పిల్లాడి ప్రశ్నకు ఎంత గొప్ప జవాబుందో ఆలోచించండి. మద్రాసులో 1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులు చేసి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దానికి మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. రాష్ట్రం కోసం చనిపోయిన ఆయన పేరు ఒక జిల్లాకు, ఆ రాష్ట్రాన్ని మొదట ఏలిన ఆయన పేరు పక్క జిల్లాకు! ఇలా పక్కపక్కన దేశంలో ఇంకెక్కడుంది? ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు 1972లో పెట్టారు. నెల్లూరుకు శ్రీరాములు పేరు కలిసింది 2008లో. దీక్షకు ఆరేళ్ల ముందే, 1946లో, మా మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని శ్రీరాములు గారు ఇక్కడే నిరశన పట్టారు. ఆ గుడి ముందు నుంచే మా కారు వెళ్లింది. ఆగలేదు.

ప్రకాశం గారి సంగతి ఒంగోలు వాళ్లకు చెప్పాలా? పుట్టింది దగ్గర్లోని వినోదరాయునిపాలెంలో, 1872లో. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. సైమన్ కమిషన్ వచ్చిన 1928లో మద్రాసులో తుపాకులకు ఛాతీ చూపించిన మనిషి ఆ పూటకూళ్ల ఇంట్లో పెరిగాడని చెప్తే పుణె అయినా పాట్నా అయినా వినని వాళ్లుంటారా? మా అమ్మ చిన్నప్పుడు ఈ కథ చెప్పేది, అన్నం తిననని మారాం చేసినప్పుడల్లా. ఎందుకు చెప్పేదో అప్పట్లో అర్థమయ్యేది కాదు.

ఇక అసలు విషయం. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు. ఊళ్లో ట్రాఫిక్కు, టీలు, టోల్‌గేట్లు అన్నీ కలుపుకుంటే ఈ టూరులో పెద్ద భాగం కారులోనే గడిచిపోతుంది. దిగి చూసేది తక్కువ, కూర్చుని వెళ్లేది ఎక్కువ. కాబట్టి గైడు పని గుడి ముందు కాదు, హైవే మీద ఉంటుంది. మన ట్రావెల్స్ వాళ్లకు ఇది అర్థం కాలేదు. పాయింట్లు లెక్కబెడతారు, "మొత్తం ఇన్ని పాయింట్లు సార్" అంటారు. మధ్యలో రోడ్డును ఖాళీగా వదిలేస్తారు, సినిమా పాటలు పెడతారు.

ఆ రోడ్డు ఖాళీ కాదు. పెన్నా దాటుతుండగానే తిక్కన గారిని తలుచుకోవచ్చు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, విరాట పర్వం మొదలుకుని పదిహేను పర్వాల భారతాన్ని ఇక్కడే తెలుగు చేశారు. అక్కడి నుంచి కావలి దాటి ఉలవపాడు వైపు వెళ్తుంటే హైవేకి పడమరగా గుడ్లూరు ఉంటుంది. నన్నయ గారు సగంలో వదిలిన అరణ్య పర్వాన్ని పూర్తిచేసిన ఎర్రాప్రగడ ఆ ప్రాంతం వారేనంటారు. ఆయన ప్రోలయ వేమారెడ్డి కొలువులో కవి, ఆ రెడ్డిరాజుల రాజధాని అద్దంకి, ఒంగోలు దాటి ఇంకాస్త ముందుకెళ్తే వస్తుంది. కవిత్రయంలో ఇద్దరు ఈ రోడ్డుకు అటూ ఇటూ వాళ్లే. ఇంత సంగతి ఒక్క బోర్డు మీద కూడా లేకుండా కారులో వెళ్లిపోతున్నాం.

మా డ్రైవరు కోవూరు మనిషి. గైడు నోరు విప్పని చోట మెల్లగా ఆయనే అందుకున్నాడు. కోవూరు దాటుతుంటే చేలు చూపించి మొలగొలుకుల గురించి చెప్పాడు. వాళ్ల తాత కాలంలో ఆ బియ్యం ఎన్ని నెలలు పాతబడ్డాక వండేవాళ్లో, ఇప్పుడు పొట్టి రకాలు వచ్చాక అవి ఎవరింట్లో మిగిలాయో చెప్పాడు. ఉలవపాడు దగ్గర కారు నెమ్మది చేసి, "ఇప్పుడు సీజను కాదు సార్, వేసవిలో ఈ రోడ్డు పక్కంతా మామిడికాయల బుట్టలే" అన్నాడు. చేపల పులుసులో మామిడికాయ ఎందుకు వేస్తారో, పులుసు మర్నాటికి ఎందుకు బాగుంటుందో మరాఠీ ఆవిడకు వచ్చీరాని హిందీలో వివరించాడు. ఆవిడ నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ రోజుకు నిజమైన గైడు ఆయనే. గైడు పేరుతో తీసుకున్న డబ్బు మాత్రం ఆయనకు చేరలేదు, ఆయనకు దక్కింది డ్రైవర్ బత్తా.

అందుకని నేననేది, శిక్షణ మొదలుపెట్టేటప్పుడు ముందు డ్రైవర్లను పిలవండి. వాళ్లకు ఊళ్లు తెలుసు, మనుషులు తెలుసు, ఏ హోటల్లో బాత్రూము శుభ్రంగా ఉంటుందో తెలుసు. తారీఖులూ పేర్లూ నేర్పితే చాలు. తర్వాత కాలేజీ పిల్లల్ని తీసుకోండి. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది. హిస్టరీ, తెలుగు, టూరిజం చదివే వాళ్లు రెండు చోట్లా దొరుకుతారు. ఆడపిల్లల్ని తప్పకుండా తీసుకోండి. ఆడవాళ్లు మాత్రమే వచ్చే బృందాలు ఆడ గైడును అడుగుతున్నాయి, ఇవ్వడానికి మన దగ్గర ఒక్కరూ లేరు. కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అని ఆన్‌లైన్‌లో ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. దాంతో పాటు మన రెండు జిల్లాల పాఠం ఒకటి జతచేసి, మెడలో వేసుకునే కార్డు ఒకటి ఇస్తే పని సగమైపోతుంది.

ఆ పాఠంలో ఏం ఉండాలో నేను చెప్పక్కర్లేదు గానీ, ఒక్కటి మాత్రం వదలొద్దని వేడుకుంటున్నాను. అది బకింగ్‌హామ్ కాలువ.

ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కు వెళ్లేవాళ్లు సముద్రం చేరేలోపు ఆ కాలువ దాటాలి. టూరిస్టు కార్లన్నీ ఆ వంతెన మీద స్పీడుగా పోతాయి. అక్కడ ఐదు నిమిషాలు ఆపి చెప్పాల్సిన కథ ఒకటి ఉంది. అది నెల్లూరులో మొదలవుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో అడుగుపెట్టింది. చాలా ఏళ్లు ఫలితం లేక, మూసేద్దామా అని అమెరికాలో వాళ్లు చర్చించుకునే స్థితికి వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూవెట్ అనే ఆయన, భార్యతోనూ నెల్లూరు జూలియా వంటి కొద్దిమంది తెలుగువాళ్లతోనూ ఒంగోలు పక్కన కొండెక్కి ప్రార్థన చేశాడు. ఆ కొండను మిషన్ వాళ్లు ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. తర్వాత 1866లో ఒంగోలుకు అదే మిషన్ తరఫున జాన్ క్లౌ వచ్చాడు. పదేళ్లకు ధాత కరువు వచ్చింది. 1876, 77, 78. మద్రాసు రాష్ట్రమంతా ఎముకలు తేలిన రోజులవి. ప్రభుత్వం కరువు పనిగా కాలువ తవ్వకం పెడితే, సర్వే పని తెలిసిన క్లౌ మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు అక్కడ పనీ కూలీ దొరికాయి. అందులో ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్లు, ఊరి చెరువులో నీళ్లు కూడా ముట్టనివ్వని వాళ్లు. గంజి కోసం మతం మారుతున్నారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మనం ఏ మతం వాళ్లమైనా, మతం మారడం మీద మన అభిప్రాయం ఏదైనా, ఆ కాలువ గట్టు మీద నిలబడి ఈ సంగతి వింటే నీళ్లను చూసే చూపు మారుతుంది. ఆ మట్టి మోసిన తట్టలు ఎవరివో తెలుస్తుంది. ఒంగోలు మిషన్ స్కూల్లోనే ప్రకాశం పంతులు చదువుకున్నారు, అది కూడా ఈ కథలోకే వస్తుంది. కాలువ దాటి కొత్తపట్నం చేరితే ఇంకొకటి. 1937 వేసవిలో ఇక్కడ యువకులకు రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు అక్కడ మనం ఆగేది బజ్జీల బండి దగ్గర. బజ్జీలు తినొద్దనడం లేదు, బాగానే ఉంటాయి.

గిత్తల సంగతి. ఒంగోలు వచ్చిన పరాయి ఊరి వాళ్లెవరైనా మొదట అడిగేది ఒంగోలు గిత్తనే. మేమూ చూపించలేకపోయాం. ఊళ్లో తిరిగితే కనిపించదు. సంక్రాంతి నాటి బండలాగుడు పోటీలకు వస్తే తప్ప దొరకదు. చదలవాడలో పశుసంవర్ధక శాఖ క్షేత్రం ఉంది కదా, వారంలో ఫలానా రోజుల్లో ఫలానా వేళ గైడు కార్డున్న వాళ్లు చూపించొచ్చని మీరొక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. పశువులకు ఇబ్బంది లేకుండా కంచె బయట నుంచి చూసినా చాలు. చూసేవాళ్లకు ఇది కూడా చెప్పాలి: పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం, గుంటూరు జిల్లాలోకి వెళ్లింది 1904లో. అందుకే బ్రెజిల్‌లో వీటిని నెలోర్ అనే పిలుస్తారు. ఈరోజు ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఈ సంతతే. అక్కడ వయాటినా-19 అనే ఆవు ధర 40 కోట్ల రూపాయల దాకా పలికిందని మొన్నామధ్య టీవీలన్నీ ఊదరగొట్టాయి. ఆ ఆవు ముత్తాతల ఊరికి వచ్చి మా అతిథులు చూసింది స్వీటు షాపు. నేతి మైసూర్‌పాక్ మాత్రం పుణె దాకా వెళ్లింది.

నెల్లూరు ఊళ్లో చూపాల్సినవి ఎక్కువమందికి తెలిసినవే కాబట్టి పొడిగించను. రంగనాథస్వామి గుడికి పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక అద్దాల మండపాన్ని ప్రశాంతంగా చూడలేరు. కారం దోసె తర్వాత. పల్లిపాడు ఆశ్రమం ఊరికి దగ్గరే, 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు, అయినా ఏ ప్యాకేజీలోనూ ఉండదు. అది చేర్చండి. దర్గా దగ్గర మాత్రం గైడుకు వివరంగా నేర్పాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునే పద్ధతి ఉంది కదా, కోరిక ఉన్నవాళ్లు ఇదివరకే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు, తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, విదేశీ రొట్టె కూడా ఉంది. నీళ్లల్లో నిలబడి "ఆరోగ్యం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా" అని అడుగుతూ తిరిగే వాళ్లలో ఏ మతం వాళ్లెవరో చెప్పలేం. పండగ రోజుల్లో కాకుండా మామూలు రోజున వచ్చినవాళ్లకు చెరువు నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. అక్కడ చెప్పే మనిషే పండగను చూపించాలి. "చాలా పవర్‌ఫుల్" అంటే ఏం కనిపిస్తుంది?

ఇంకో మాట, డబ్బు సంగతి. మా వాళ్లు నెల్లూరులో కారెక్కి ఒంగోలులో దిగిపోయారు. కానీ కిరాయి రానూపోనూ కట్టారు. కారు ఖాళీగా వెనక్కి రావాలి కాబట్టి ట్రావెల్స్ వాళ్లను తప్పు పట్టలేం. చెన్నై వైపు నుంచి వచ్చి విజయవాడ వైపు వెళ్లిపోయేవాళ్లు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు, వీళ్లే ఈ టూరుకు అసలు గిరాకీ. వాళ్లు వచ్చిన దారినే వెనక్కి పోరు. రెండు ఊళ్ల ట్రావెల్స్ సంఘాలనూ ఒక రోజు కూర్చోబెట్టి, నెల్లూరు కారు ఒంగోలులో మనుషుల్ని దింపాక అక్కడి నుంచి ఇటు వచ్చే పార్టీని ఎక్కించుకునేలా ఒప్పందం చేయించండి. వాళ్లు వాళ్లకై వాళ్లు కూర్చోరు, ఒకరి స్టాండులో ఇంకొకరు ఎక్కించుకుంటే గొడవలు అవుతాయి. మీరు పిలిస్తే వస్తారు. అప్పుడు వన్‌వే రేటు వస్తుంది, సామాను డిక్కీలోనే ఉంటుంది, రాత్రి పదింటికి నిద్రమత్తులో హైవే మీద వెనక్కి తోలే అవసరం డ్రైవరుకూ తప్పుతుంది. రేటు ఎంతో, అందులో టోలు, బత్తా, పార్కింగు కలిశాయో లేదో ఒక కాగితం మీద ముందే రాసివ్వాలనే నిబంధన కూడా పెట్టండి. చివర్లో జరిగే బేరాలు ఆ రోజంతటి సంతోషాన్నీ చెడగొడతాయి.

చోట్లు ఎన్ని ఉండాలనేది కూడా కాస్త ఆలోచించండి. మా ప్యాకేజీలో తొమ్మిదో పదో రాసి ఉన్నాయి, సగం గుళ్లు మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి. గుడి వేళలు కూడా చూడకుండా వేసిన టూరు అది. నెల్లూరులో మూడు చోట్లు, రోడ్డు మీద ఒకటి, ఒంగోలులో రెండు, చివర సముద్రం. అంతకుమించితే పెద్దవాళ్లు కారు దిగరు, పిల్లలు కారెక్కరు. భైరవకోన, ఉదయగిరి, పెంచలకోన, చందవరం స్తూపం గొప్పవే, కానీ వాటికి వేరే రోజులు కావాలి. అన్నీ ఒక్కరోజులో కుక్కమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

కొన్నేళ్లుగా చూస్తున్నాను, మీ రెండు జిల్లాల పర్యాటక కరపత్రాలూ అందంగానే వేస్తారు. నెల్లూరు కరపత్రంలో ఒంగోలు ఉండదు, ఒంగోలు దాంట్లో నెల్లూరు ఉండదు. జిల్లా హద్దు దగ్గర మ్యాపు ఆగిపోతుంది, అవతల తెల్లకాగితం. ఆ హద్దు మాత్రం నిలకడగా ఉందా? 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కందుకూరును నెల్లూరు నుంచి తీసి అటు కలిపారు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిపారు. కందుకూరు మాత్రం ఉన్నచోటే ఉంది. వెంకటగిరి అదే ఏడాది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, అంతమాత్రాన వెంకటగిరి చీర కోసం నెల్లూరు వచ్చేవాళ్లు రావడం మానలేదు. చూడటానికి వచ్చేవాడికి రెవెన్యూ డివిజన్లతో పనిలేదు. ఒకే మ్యాపు వేయండి, రెండు కలెక్టరేట్ల పేర్లూ కింద పక్కపక్కనే వేసుకోండి. ఏ పేరు ముందుండాలన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. హైవే మీద ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు కావాలి, ఇది టూరిజంతో సంబంధం లేకుండా కూడా కావాలి. దర్గా దగ్గరా రంగనాయకులపేటలోనూ కారు నిలిపే జాగా లేదు. పల్లిపాడు మలుపు దగ్గర దూరం నుంచి కనిపించే బోర్డు కావాలి. హిందీ, తమిళం వచ్చిన గైడ్లు ఎక్కువ కావాలి, మన దగ్గరికి వచ్చేవాళ్లలో చెన్నై వాళ్లే ఎక్కువ కాబట్టి. ఇవన్నీ మీ సిబ్బందికి తెలియనివి కావు.

పాఠం చెప్పేవాళ్లెవరని అడుగుతారేమో. ఆ దిగులు మీకు అక్కర్లేదు. మా వీధిలోనే రిటైరైన తెలుగు మాస్టరు గారొకరు, ఆ పక్క సందులో హిస్టరీ లెక్చరరు గారొకరు ఉన్నారు. ఇద్దరినీ అడిగాను. పైసా అక్కర్లేదు, వారం పది రోజులు వచ్చి చెప్తామన్నారు. పురమందిరంలో ఒక గది ఇప్పిస్తే చాలని నేనంటే, తెలుగు మాస్టరు గారు ఒప్పుకోలేదు. "గదిలో ఎందుకమ్మా, ఆ డ్రైవర్లను కార్లతో సహా రమ్మను. పెన్నా వంతెన దగ్గర ఎక్కుతాను, టంగుటూరు దాకా చెప్తాను. వెనక్కి వచ్చేటప్పుడు వాళ్లు నాకు చెప్పాలి" అన్నారు.

భవదీయురాలు,
మూలాపేట నివాసి,
నెల్లూరు